తరంగాల పొదుపు, రిసీవర్ మోసే బరువు

ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం

గౌరవనీయులైన అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నా చిన్నతనంలో మా ఇంటి మీడియం వేవ్ రేడియోలో పగలంతా ఒకే గొంతు స్పష్టంగా వినిపించేది. పొద్దుగూకి కాసేపయ్యేసరికి ఆ గొంతు అడుగున మరొక భాష, దానితోపాటు ఒక సన్నని ఈల వినబడేవి. మా నాన్నగారు సెట్టును బల్ల మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ ఆ ఈల అణిగే కోణం వెతికేవారు. లోపలి యాంటెన్నా కడ్డీ ఒక దిశ నుంచి వచ్చే తరంగాన్ని వదిలేయగలదని, ఆయనకు తెలియకుండానే ఆయన చేస్తున్నది అదేనని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. పగటిపూట అయనోస్ఫియర్, అంటే చాలా ఎత్తున ఉండే విద్యుదావేశపు గాలి పొరల్లో, అడుగు పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేసుకుంటుంది. రాత్రి ఆ పొర దాదాపు లేకుండా పోవడంతో తరంగాలు పై పొరల దాకా వెళ్లి అక్కడి నుంచి కిందికి మళ్లుతాయి. అందువల్ల వందల, ఒక్కొక్కసారి వేల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు మన ఊళ్లోకి వస్తాయి.

ఆ ఈల వెనుక ఒక లెక్క ఉంది. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆసియా, ఐరోపా, ఆఫ్రికా దేశాలకు మీడియం వేవ్‌లో 531 కిలోహెర్ట్జ్ నుంచి 1602 కిలోహెర్ట్జ్ వరకు, తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో, మొత్తం 120 స్థానాలు ఉన్నాయి. ఇన్ని దేశాల స్టేషన్లన్నీ ఆ 120 స్థానాల్లోనే సర్దుకోవాలి. రాత్రి దూరపు స్టేషను తరంగం దగ్గరి స్టేషను తరంగంతో కలిసినప్పుడు ఆ ఈల పుడుతుంది. భూమిని, నీటిని పంచుకున్నట్టే ఈ ఫ్రీక్వెన్సీల స్థలాన్నీ పంచుకోవలసిందే గాని కొత్తగా సృష్టించుకోలేము. కాబట్టి ఉన్న వెడల్పులో ఎక్కువ మందికి, మెరుగైన ప్రసారాన్ని ఎలా అందించాలన్న ప్రశ్న ప్రసార ఇంజనీరును ఎప్పుడూ వెన్నాడుతూనే ఉంటుంది.

ఈ విషయంలో నేను మీ ముందు ఉంచదలచుకున్న మాట ఒక్కటే. బ్యాండ్‌విడ్త్‌ను, అంటే ప్రసారం ఆక్రమించే ఫ్రీక్వెన్సీల వెడల్పును, పొదుపు చేసే పద్ధతులన్నిటికీ మూలం ఒకటే: అవతలి వైపు తిరిగి తయారు చేసుకోగలిగినదాన్ని, లేదా మన కన్నూ చెవీ పట్టించుకోనిదాన్ని ఇక్కడ నుంచి పంపకుండా ఉండడం. పంపనిదాన్ని తయారు చేసుకోవలసింది రిసీవరు. అంటే ట్రాన్స్‌మీటర్ దగ్గర మిగిలిన ప్రతి కిలోహెర్ట్జ్ బరువునూ శ్రోత ఇంట్లో ఉన్న పెట్టె మోస్తుంది. ప్రసార రంగంలో ట్రాన్స్‌మీటర్ ఒకటే, రిసీవర్లు లక్షలు. అందుచేత ఏ పద్ధతి ఎప్పుడు అమలులోకి వచ్చిందన్నది దాన్ని ఎవరు ఎప్పుడు కనిపెట్టారన్నదాని మీద కన్నా, ఆ కాలంలో సామాన్యుడు కొనగలిగిన సెట్టు ఎంత పని చేయగలిగిందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడింది.

ముందుగా మనకు బాగా పరిచయమైన ఏఎం ప్రసారాన్ని తీసుకుందాం. క్యారియర్‌ను, అంటే ధ్వనిని మోసే తరంగాన్ని, ధ్వనితో మాడ్యులేట్ చేసినప్పుడు, అంటే దాని బలాన్ని ధ్వనికి తగ్గట్టు మార్చినప్పుడు, దానికి రెండు వైపులా సైడ్‌బ్యాండ్లు అనే రెండు ఫ్రీక్వెన్సీల పట్టీలు పుడతాయి. రెండిటిలోనూ ఉన్న సమాచారం ఒకటే. ఒకటి రెండో దానికి అద్దంలోని ప్రతిబింబం. క్యారియర్‌లో సమాచారమే లేదు. 100 కిలోవాట్ల క్యారియర్‌ను ఒకే స్వరంతో నూరు శాతం మాడ్యులేట్ చేస్తే మొత్తం శక్తి 150 కిలోవాట్లు అవుతుంది. అందులో 100 కిలోవాట్లు ఏమీ చెప్పని క్యారియర్‌కు పోతాయి, 25 కిలోవాట్లు ఒక సైడ్‌బ్యాండ్‌కు, మరో 25 కిలోవాట్లు అదే మాటను మళ్లీ చెప్పే రెండో సైడ్‌బ్యాండ్‌కు పోతాయి. మామూలు మాటల ప్రసారంలో మాడ్యులేషన్ సగటున ఇంకా తక్కువ కనుక అసలు సమాచారానికి దక్కే వాటా ఇంతకన్నా తగ్గుతుంది. వెడల్పు విషయానికి వస్తే, తొమ్మిది కిలోహెర్ట్జ్ స్థలంలో రెండు సైడ్‌బ్యాండ్లు పట్టాలంటే ధ్వనికి నాలుగున్నర కిలోహెర్ట్జ్ మాత్రమే మిగులుతుంది. మీడియం వేవ్‌లో నాదస్వరం విన్నప్పుడు మనకు తోచే వెలితికి ముఖ్య కారణం ఇదే.

క్యారియర్‌నూ ఒక సైడ్‌బ్యాండ్‌నూ తీసివేసి మిగిలిన ఒక్క సైడ్‌బ్యాండ్‌నే పంపవచ్చునని అమెరికన్ ఇంజనీరు జాన్ కార్సన్ 1915లోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1927 జనవరిలో న్యూయార్క్, లండన్ నగరాల మధ్య అట్లాంటిక్ మీదుగా మొదలైన రేడియో టెలిఫోన్ సేవ ఈ సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలోనే నడిచింది. మరి సగం వెడల్పును, అంతకుమించి శక్తిని ఆదా చేసే ఈ పద్ధతిని రేడియో స్టేషన్లు ఎందుకు తీసుకోలేదు? టెలిఫోన్ సేవలో చెరి ఒక చివర ఒక్కొక్క రిసీవర్ ఉంటే చాలు. దాన్ని ఎంత ఖరీదుతోనైనా తయారు చేసి, నిపుణుల చేత నడిపించవచ్చు. రేడియో శ్రోత దగ్గర ఉన్నది స్ఫటికంతో పని చేసే సెట్టో, ఒకటి రెండు వాల్వుల సెట్టో. తీసివేసిన క్యారియర్‌ను సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీ దగ్గర మళ్లీ పుట్టించుకోవడం ఆ సెట్టుకు అలవి కాని పని. ఆ క్యారియర్ పూర్తిగా వస్తే మాత్రం ఒక డయోడు, ఒక కెపాసిటరు, ఒక ఇయర్‌ఫోన్‌తో పల్లెలో కూర్చున్న మనిషి రాజధాని మాట వినగలడు. పాఠ్యపుస్తకాలు క్యారియర్ శక్తిని వృథా అంటాయి. నేను ఆ మాట వాడను. అది ప్రసార సంస్థ లక్షల మంది శ్రోతల తరఫున కట్టిన రుసుము. ఆ రుసుము కట్టబట్టే రేడియో పేదవాడి ఇంటికి చేరింది.

ఎఫ్‌ఎం విషయంలో, అంటే క్యారియర్ బలాన్ని కాక దాని ఫ్రీక్వెన్సీని ధ్వనికి తగ్గట్టు కదిలించే పద్ధతి విషయంలో, ఈ ఆలోచన ఒక వింత మలుపు తీసుకుంది. ఫ్రీక్వెన్సీని చాలా కొద్దిగా కదిలిస్తే ఏఎం కన్నా తక్కువ వెడల్పులో పని జరిగిపోతుందని తొలిరోజుల్లో చాలామంది ఆశపడ్డారు. అది సాధ్యం కాదని అదే కార్సన్ 1922లో గణితంతో నిరూపించారు. మరో అమెరికన్ ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సరిగ్గా ఎదురు దారి పట్టి, వెడల్పును కావాలనే పెంచి, దానికి బదులుగా గరగర లేని ధ్వనిని సాధించి 1933లో పేటెంట్లు పొందారు. నేటి ఎఫ్‌ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ ధ్వనిని పంపడానికి క్యారియర్‌ను అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ దాకా కదిలిస్తారు. ఈ రెండు అంకెలను కలిపి రెట్టింపు చేయాలనే కార్సన్ సూత్రం ప్రకారం, ఒకే ధ్వని మార్గం ఉన్న ఒక్క మోనో ప్రసారానికే 180 కిలోహెర్ట్జ్ కావాలి. మీడియం వేవ్ లెక్కలో అది ఇరవై స్టేషన్ల స్థలం.

అలాగని ఎఫ్‌ఎంను దుబారా అనుకోవడం తొందరపాటు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు ఎఫ్‌ఎం సిగ్నళ్లు వచ్చినప్పుడు బలమైనది బలహీనమైనదాన్ని దాదాపు పూర్తిగా అణచివేస్తుంది. ఏఎంలో మాదిరిగా రెండూ కలగాపులగం కావు. పైగా ఆ తరంగాలు మామూలుగా దిగంతం దాటి ఎక్కువ దూరం పోవు. ఒక పట్టణంలో వాడిన ఫ్రీక్వెన్సీని కొంత దూరంలో ఉన్న మరో పట్టణంలో నిశ్చింతగా వాడుకోవచ్చు. రాత్రిపూట ఖండాంతరాల నుంచి చొరబడే మీడియం వేవ్‌కు ఆ సౌకర్యం లేదు. కనుక బ్యాండ్‌విడ్త్ సామర్థ్యాన్ని కొలిచేటప్పుడు ఒక ప్రసారానికి ఎన్ని కిలోహెర్ట్జ్ ఖర్చయ్యాయన్నది ఒక్కటే చూడకూడదు. ఆ కిలోహెర్ట్జ్‌లను ఎంత దగ్గరలో మళ్లీ వాడుకోగలిగామన్నదీ చూడాలి. మన నగరాల్లో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ల మధ్య 800 కిలోహెర్ట్జ్ ఎడం పాటిస్తూ వచ్చారు. డయల్ మీద 92.7 తరువాత 93.5, ఆ తరువాత 94.3 రావడం మీరు చూసే ఉంటారు. రిసీవర్లు ఇంతగా మెరుగుపడిన ఈ రోజుల్లో అంత ఎడం అవసరం లేదన్నది నా అభిప్రాయం.

ఎఫ్‌ఎంలో స్టీరియోను చేర్చిన తీరు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. ఎడమ, కుడి ధ్వనులను రెండు వేరు మార్గాల్లో పంపితే అప్పటికే జనం దగ్గర ఉన్న మోనో సెట్లకు సగం సంగీతమే వినబడేది. 1961లో అమెరికాలో ఆమోదం పొందిన పద్ధతిలో రెండిటి మొత్తాన్ని ఎప్పటిలాగే 15 కిలోహెర్ట్జ్ లోపల పంపి, రెండిటి తేడాను 38 కిలోహెర్ట్జ్ చుట్టూ, క్యారియర్ తీసివేసి, 23 నుంచి 53 కిలోహెర్ట్జ్ మధ్య అమర్చారు. తీసివేసిన ఆ 38 కిలోహెర్ట్జ్‌ను రిసీవర్ తిరిగి పుట్టించుకోవడానికి దానిలో సగమైన 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పైలట్ స్వరాన్ని ఉంచారు. పాత సెట్టు మొత్తాన్ని మాత్రమే విని తృప్తిపడుతుంది. కొత్త సెట్టు పైలట్‌ను రెట్టింపు చేసుకొని, తేడాను విప్పి, మొత్తానికి కలిపి ఎడమ ధ్వనిని, మొత్తంలోంచి తీసివేసి కుడి ధ్వనిని రాబట్టుకుంటుంది. బలహీనమైన సిగ్నల్‌లో స్టీరియోకు గరగర ఎక్కువన్న లోపం ఉన్నా, ఉన్న సెట్టును పారేయించకుండా కొత్త సౌకర్యాన్ని చేర్చడంలో ఇంతకు మించిన మర్యాద నాకు కనబడలేదు.

టెలివిజన్‌కు వచ్చేసరికి కొరత తీవ్రమైంది. మనం వాడిన 625 గీతల పద్ధతిలో బొమ్మకే ఐదు మెగాహెర్ట్జ్ కావాలి. రెండు సైడ్‌బ్యాండ్లూ పంపితే పది. అసలు ఆ ఐదు కూడా, సెకనుకు 25 పూర్తి చిత్రాలను సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి 50 సగాలుగా పంపి, కంటికి మిణుకు తెలియకుండా చేయడం వల్ల అంతటితో ఆగింది. పై సైడ్‌బ్యాండ్‌ను పూర్తిగా, కింది దానిలో ముప్పావు మెగాహెర్ట్జ్ మేరకు మాత్రం ఉంచి మిగతాది కోసేసి, బొమ్మనూ ధ్వనినీ కలిపి ఏడు మెగాహెర్ట్జ్ చానల్లో సర్దారు. కింది దాన్ని మొత్తంగా ఎందుకు తీసేయలేదంటే, క్యారియర్‌ను ఆనుకుని ఉన్న అతి తక్కువ ఫ్రీక్వెన్సీలను పదునుగా కోసే ఫిల్టర్ బొమ్మను పాడు చేస్తుంది.

1982లో మన దేశానికి రంగుల ప్రసారం వచ్చినప్పుడు ఆ ఏడు మెగాహెర్ట్జ్‌కు ఒక్క హెర్ట్జ్ కూడా చేర్చలేదు. గీత గీతకూ బొమ్మ పెద్దగా మారదు కనుక చిత్ర సంకేతపు శక్తి అంతా గీతల ఫ్రీక్వెన్సీ అయిన 15,625 హెర్ట్జ్ గుణిజాల దగ్గర గుంపులుగా చేరి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. వరి చేలో నాట్ల వరుసల మధ్య జాగా వంటివి ఆ ఖాళీలు. మనం తీసుకున్న పాల్ అనే రంగుల పద్ధతిలో రంగును మోసే ఉపవాహకాన్ని, అంటే ప్రసారం లోపలి చిన్న క్యారియర్‌ను, 15,625ను 283.75తో హెచ్చించి 25 కలిపితే వచ్చే 44,33,618.75 హెర్ట్జ్ దగ్గర నిలిపారు. ఆ ముప్పాతిక భిన్నం వల్ల రంగు శక్తి సరిగ్గా ఖాళీల్లోకి వెళ్లి కూర్చుంటుంది. కన్ను వెలుగు నీడల్లో చూసినంత సూక్ష్మంగా రంగులో చూడలేదు కనుక రంగుకు సుమారు 1.3 మెగాహెర్ట్జ్ ఇస్తే సరిపోయింది. ఇంట్లో ఉన్న నలుపు తెలుపు టీవీలు ఎప్పటిలాగే పని చేశాయి.

ఇక్కడే మన రాష్ట్రానికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు సైట్ పేరుతో టెలివిజన్ ప్రసారాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆ ప్రసారంలో ఒక చిత్రంతో పాటు రెండు ధ్వని మార్గాలు ఉండేవి. బొమ్మకు మెగాహెర్ట్జ్‌లు కావాలి, మాటకు కిలోహెర్ట్జ్‌లు చాలు. ఒకే బొమ్మకు రెండు భాషల మాట జోడిస్తే, దాదాపు అదే ఖర్చుతో రెండు ప్రాంతాల రైతులకు అందుతుంది. ఇన్ని భాషలున్న మన దేశంలో ఈ ఏర్పాటు తరువాత కూడా విస్తృతంగా కొనసాగి ఉండవలసిందని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను.

ఇక డిజిటల్ ప్రసారం గురించి. డిజిటల్ అనగానే పొదుపు అని చాలామంది అనుకుంటారు. నిజానికి బొమ్మను ఊరికే అంకెల్లోకి మారిస్తే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు టెలివిజన్ చిత్రాన్ని స్టూడియో ప్రమాణం ప్రకారం ఎనిమిది బిట్ల అంకెలుగా మారిస్తే సెకనుకు 216 మెగాబిట్లు వస్తాయి. ఏడెనిమిది మెగాహెర్ట్జ్ చానల్ దాన్ని మోయలేదు. దారి చూపినది 1974 జనవరిలో వెలువడిన ఒక చిన్న పరిశోధన పత్రం. దాన్ని రాసినవారు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ముగ్గురూ అమెరికాలో పని చేసినా, ఈ పేర్లు మనకు పరాయివి కావు. మూడో ఆయన పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. వారు ప్రతిపాదించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ ఎనిమిది చుక్కలు అడ్డం, ఎనిమిది చుక్కలు నిలువు ఉన్న చిన్న గడిలోని 64 విలువలను మరో 64 సంఖ్యలుగా మారుస్తుంది. సంఖ్యలు తగ్గలేదు కదా అని మీరు అడగవచ్చు. తగ్గలేదు, కాని బొమ్మలోని సారమంతా మొదటి కొన్ని సంఖ్యల్లోకి వచ్చి చేరుతుంది, మిగిలినవి సున్నాకు దగ్గరగా ఉంటాయి. వాటిని ముతకగా గుండ్రం చేసినా, వదిలేసినా కంటికి తెలియదు. దీనికి తోడు ముందు చిత్రంలో ఉన్నది తరువాతి చిత్రంలో ఎటు జరిగిందో మాత్రమే చెప్పే పద్ధతి చేరింది. వార్తలు చదివే మనిషి వెనుక గోడను సెకనుకు ఇరవై ఐదు సార్లు పంపడం మానేశాం. దాంతో 216 మెగాబిట్లు నాలుగు మెగాబిట్ల దగ్గరకు, తరువాతి ప్రమాణాల్లో ఇంకా తక్కువకు దిగాయి.

ఆ బిట్లను గాలిలో పంపడం ఇంకొక సమస్య. ఎంత వెడల్పులో, ఎంత గరగర మధ్య, సెకనుకు ఎన్ని బిట్లు తప్పులేకుండా పంపవచ్చో 1948లో అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ హద్దు గీశారు. ఎనిమిది మెగాహెర్ట్జ్ చానల్లో సిగ్నల్ గరగర కన్నా వంద రెట్లు బలంగా ఉంటే ఆ హద్దు సెకనుకు సుమారు 53 మెగాబిట్లు. ఆ హద్దుకు చేరువగా తీసుకెళ్లగల తప్పుల సవరణ పద్ధతిని రాబర్ట్ గాలగర్ 1960ల తొలినాళ్లలోనే కనిపెట్టారు. అయినా అది ముప్పై ఏళ్లకు పైగా ఉపయోగం లేకుండా పడి ఉంది, ఎందుకంటే దాన్ని విప్పడానికి కావలసినంత లెక్క అప్పటి ఏ రిసీవరూ చేయలేకపోయింది. చిప్పులు చౌకయ్యాక అదే పద్ధతి, డిజిటల్ టెలివిజన్‌ను గాలిలో పంపే డీవీబీ-టీ2 ప్రమాణంలో చోటు చేసుకుంది. బ్రిటన్‌లో అంతకు ముందు ఎనిమిది మెగాహెర్ట్జ్‌లో సెకనుకు 24 మెగాబిట్లు నడిచిన చోట టీ2తో 40 నడిచాయి. సింగిల్ సైడ్‌బ్యాండ్ కథే ఇది. ఈసారి మాత్రం సామాన్యుడి పెట్టె ఆ బరువు మోయగలిగే స్థితికి వచ్చింది.

ఈ డిజిటల్ ప్రసారాలు వాడే ఓఎఫ్‌డీఎం అనే మాడ్యులేషన్ పద్ధతి గురించి కొంచెం నిలిచి చెప్పాలి, ఎందుకంటే అసలు స్పెక్ట్రమ్ లాభం అక్కడ ఉంది. ఒక వేగమైన బిట్ల ప్రవాహాన్ని వేల నెమ్మది ప్రవాహాలుగా చీల్చి, ఒక్కొక్క దాన్ని ఒక్కొక్క సన్నని క్యారియర్ మీద పంపుతారు. టీ2కు ముందు తరం ప్రమాణమైన డీవీబీ-టీలో ఒక రకంలో 6,817 క్యారియర్లు ఉంటాయి. ఒక్కొక్క సంకేతం 896 మైక్రోసెకన్లు నిలుస్తుంది, దాని ముందు అవసరాన్ని బట్టి 224 మైక్రోసెకన్ల దాకా కాపలా వ్యవధి పెట్టవచ్చు. తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. ఆ వ్యవధిలో 67 కిలోమీటర్లు. అంటే అదే సిగ్నల్ కొండను తాకి, లేదా అవతలి ట్రాన్స్‌మీటర్ నుంచి బయలుదేరి, 67 కిలోమీటర్లు ఎక్కువ ప్రయాణించి ఆలస్యంగా వచ్చినా చెరుపు చేయదు, బలాన్నే ఇస్తుంది. అనలాగ్ కాలంలో ఒక చానల్‌ను ఒక ట్రాన్స్‌మీటర్‌కు ఇస్తే చుట్టుపక్కల మరే ట్రాన్స్‌మీటర్‌కూ ఆ చానల్ ఇవ్వడానికి వీలుండేది కాదు. ఇప్పుడు ఒక ప్రాంతమంతటా పది ట్రాన్స్‌మీటర్లను గడియారాలు కలిపి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడపవచ్చు. కొండల మధ్య ఉన్న మన మన్యం వంటి ప్రాంతాలకు ఇది ఎంత మేలో మీరే ఊహించండి.

మీడియం వేవ్‌లో ఇదే పని చేసేది డీఆర్‌ఎం అనే డిజిటల్ రేడియో పద్ధతి. ఈల వినిపించిన ఆ తొమ్మిది కిలోహెర్ట్జ్ గదిలోనే అది సెకనుకు సుమారు 20 వేల బిట్లు పంపుతుంది, ధ్వనిని కుదించి తిరిగి విప్పే నేటి కోడెక్‌లతో అది వినసొంపైన ప్రసారానికి సరిపోతుంది. ఎఫ్‌ఎం బ్యాండులో నడిచే రకం సుమారు 100 కిలోహెర్ట్జ్‌లో మూడు కార్యక్రమాలను మోయగలదు. ఆకాశవాణి ముప్పైకి పైగా మీడియం వేవ్ కేంద్రాల్లో డీఆర్‌ఎం ట్రాన్స్‌మీటర్లు పెట్టింది. మన దేశంలో అమ్ముడైన లక్షలాది కార్లలో దాన్ని అందుకునే రేడియో ఉంది. కాని బజారులో ఒక రైతు కూలీ కొనగలిగిన ధరకు చేతి రేడియో దొరకడం కష్టం. అందువల్ల చాలాచోట్ల ఒకే ట్రాన్స్‌మీటర్ నుంచి పాత ఏఎంనూ కొత్త డిజిటల్‌నూ పక్కపక్కనే పంపవలసి వచ్చింది. అప్పుడు ఒక స్టేషన్ ఆక్రమించేది 18 కిలోహెర్ట్జ్. పొదుపు కోసం వచ్చిన పద్ధతి, సెట్లు ఇళ్లకు చేరేదాకా, రెట్టింపు స్థలం తింటుంది. ఏఎంను ఆపేస్తే కిలోహెర్ట్జ్‌లు మిగులుతాయి, శ్రోతలు పోతారు. మీలో చిప్పుల రూపకల్పన వైపు వెళ్లేవారికి నా విన్నపం ఇదే: కొన్ని వందల రూపాయల్లో, రెండు టార్చిలైటు బ్యాటరీలతో నెల రోజులు నడిచే డిజిటల్ రేడియో ఒకటి తయారైతే, ట్రాన్స్‌మీటర్ వైపు జరగవలసిన పని చాలావరకు ఇప్పటికే జరిగి ఉంది.

సంకేతంలోని ఫ్రీక్వెన్సీలను తెర మీద చూపే, బల్ల మీద ఉన్న ఈ చిన్న పరికరానికి ఒక ఎఫ్‌ఎం స్టేషన్‌ను పట్టించి ఉంచాను. తెర మీద ఎడమ వైపు ఎగిరెగిరి పడుతున్నది ఎడమ కుడి ధ్వనుల మొత్తం. 19 కిలోహెర్ట్జ్ దగ్గర కదలకుండా నిలబడిన సన్నని గీత పైలట్. దాని కుడి వైపు, 38కి అటూ ఇటూ ఒకదానికొకటి ప్రతిబింబాలుగా కదులుతున్నవి తేడా సంకేతపు రెండు సైడ్‌బ్యాండ్లు. వాటి నట్టనడుమ క్యారియర్ లేకపోవడం గమనించండి. 57 దగ్గర చిన్న దిబ్బలా కనబడుతున్నది స్టేషన్ పేరు మోసే డేటా. ఒక్కొక్కరుగా ముందుకు రండి, నేను పాటను మోనోకూ స్టీరియోకూ మారుస్తుంటాను, తేడా మీరే వినండి.